పొగ సంకెల

వ్యసనాలన్నింటిలోనూ ధూమపానానికి ఒక విచిత్ర లక్షణం ఉంది. దానివల్ల కలిగే కీడు దానికి లోనైనవానికి తెలియనిది కాదు. పెట్టెపై ముద్రించిన భయంకరమైన బొమ్మను చూస్తూనే అతడు ఆ పెట్టె తెరుస్తాడు. ఇదే చివరిదని తనకు తానే మాట ఇచ్చుకొని సిగరెట్టు వెలిగిస్తాడు. ఆ చివరిదాని తరువాత మరొకటి వస్తుంది. తెలిసి తెలిసి మనిషి ఎందుకిలా ప్రవర్తిస్తాడు? చదువు లేకనా? మనోబలం చాలకనా? లోకం సాధారణంగా చెప్పే సమాధానాలివే. కాని మహావిద్వాంసులూ, కఠిన శ్రమకు ఓర్చే దృఢచిత్తులూ ఈ అలవాటు ముందు తలవంచిన ఉదాహరణలు ఎన్నో ఉన్నాయి. దేహం, మనస్సు, పరిసరాలు ఈ మూడూ కలిసి బిగించిన ముడి ఇది. ముడి ఎలా పడిందో తెలిసినవానికి దానిని విప్పడం సులభమవుతుంది. ఆ ముడి స్వరూపాన్నీ, దానిని విప్పుకొనే తీరునూ వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పొగాకు మన నేలకు వచ్చిన తీరు

పొగాకు మన దేశపు మొక్క కాదు. దాని జన్మస్థానం అమెరికా ఖండం. పోర్చుగీసు వర్తకుల ద్వారా అది భారతదేశానికి చేరింది. మొగలు చక్రవర్తి జహంగీరు 1617లో దాని వాడకాన్ని నిషేధించాడు. నిషేధం నిలవలేదు, పొగాకు నిలిచింది. తెలుగునాట అది పలు రూపాలు ధరించింది. గోదావరి లంకలలో పండిన ఆకు చుట్ట అయింది. తెలంగాణ అడవులలోని తునికాకు పొగాకు పొడిని తనలో చుట్టుకొని బీడీ అయింది. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల వర్జీనియా పొగాకు సిగరెట్టులోకి చేరింది. ఉత్తరాంధ్ర పల్లెలలో కొందరు, ముఖ్యంగా స్త్రీలు, చుట్టను వెలిగించిన కొస నోటి లోపల ఉండేటట్లు పెట్టుకొని కాల్చే అలవాటు ఉంది. దీనిని 'అడ్డపొగ' అంటారు. నిప్పు సెగ నేరుగా తగలడం వల్ల అంగిలిలో పుండ్లు, కాన్సరు ఏర్పడే ప్రమాదం ఉందని వైద్య పరిశోధనలు నిరూపించాయి.

పొగాకును పండించి బతికే రైతునూ, బీడీలు చుట్టి పిల్లలను చదివించుకొనే నిజామాబాదు, కరీంనగరు ప్రాంతాల శ్రామిక స్త్రీలనూ నిందించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. వారి జీవనోపాధి వేరే చర్చకు తగిన విషయం. మనం ఇక్కడ పరిశీలించవలసింది పొగ తాగే మనిషి అవస్థను.

అలవాటుకు అంకురార్పణ

మొదటిసారి పొగ పీల్చినవానికి సుఖం కలగదు. దగ్గు వస్తుంది, కళ్లు నీళ్లు తిరుగుతాయి, తల తిరుగుతుంది, కడుపులో వికారం పుడుతుంది. శరీరం ఇంత స్పష్టంగా వద్దంటున్నా మనిషి రెండవసారి ఎందుకు ప్రయత్నిస్తాడు? దానికి కారణం రుచి కాదు, అనుకరణ. గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కం' నాటకంలో గిరీశం దగ్గర చదువుకోవడానికి చేరిన వెంకటేశం వాస్తవంగా నేర్చుకొన్నది చుట్ట కాల్చడమే. 1897లో వెలువడిన ఆ నాటకంలోని హాస్యం వెనుక ఒక చేదు నిజం ఉంది. పొగ తాగడం ఎవరికీ పుట్టుకతో రాదు. ఒకరిని చూసి మరొకరు నేర్చుకొంటారు.

గాంధీజీ తన ఆత్మకథలో బాల్యానుభవాన్ని దాపరికం లేకుండా రాశారు. ఆయనకూ, ఒక బంధువుకూ సిగరెట్లు తాగాలనే సరదా పుట్టింది. దానివల్ల ప్రయోజనం ఉందని గాని, ఆ వాసన బాగుందని గాని వారు భావించలేదు. నోటి నుండి పొగ వదలడంలో ఏదో ఆనందం ఉందని ఊహించారు. పినతండ్రి తాగి పారవేసిన ముక్కలను ఏరుకొన్నారు. అవి చాలక నౌకరు జేబులోని కాసులను దొంగిలించి బీడీలు కొన్నారు. పెద్దల అనుమతి లేకుండా ఏమీ చేయలేని తమ స్థితి వారిని బాధించింది. ఆ తరువాత వారు ఆ అలవాటును విడిచిపెట్టారు. పెద్దయిన తరువాత తనకు పొగ తాగాలనే కోరికే కలగలేదనీ, పొగతో నిండిన రైలుపెట్టెలో ప్రయాణం దుర్భరంగా ఉండేదనీ గాంధీజీ చెప్పుకొన్నారు. ఆయన అలవాటు వేళ్లు పాతుకొనక ముందే, మొలక దశలోనే ఆగింది. వేళ్లు దిగిన తరువాత కథ వేరుగా ఉంటుంది.

నికొటిన్ పనిచేసే విధం

పొగాకులోని నికొటిన్ అనే పదార్థం ఈ వేళ్లకు మూలం. పొగ పీల్చిన 10 నుండి 20 సెకన్లలో అది ఊపిరితిత్తుల నుండి రక్తంలో కలిసి మెదడును చేరుతుంది. అక్కడ నాడీకణాలపై ఉన్న కొన్ని గ్రాహకాలకు అతుక్కొని డోపమైన్ అనే రసాయనం విడుదలయ్యేటట్లు చేస్తుంది. హాయిని కలిగించేది ఈ డోపమైన్. ఇలా పదేపదే జరిగినప్పుడు మెదడులో ఆ గ్రాహకాల సంఖ్య పెరుగుతుంది. అవన్నీ నికొటిన్ కోసం నోరు తెరచుకొని ఉంటాయి. రక్తంలోని నికొటిన్ సుమారు రెండు గంటలలో సగానికి తగ్గిపోతుంది. అప్పుడు మొదలవుతుంది చిరాకు, అశాంతి, ఏకాగ్రత లేకపోవడం. మరొక సిగరెట్టు వెలిగిస్తే అవి తగ్గుతాయి. తాగేవాడు దీనిని చూసి పొగ తన మనస్సుకు శాంతిని ఇస్తున్నదని నమ్ముతాడు. కాని ఆ అశాంతిని పుట్టించినది అంతకుముందు తాగిన సిగరెట్టే. బిగుతైన చెప్పులు తొడుక్కొని, వాటిని విప్పినప్పుడు కలిగే సుఖాన్ని మెచ్చుకొన్నట్లు ఉంటుంది ఈ వ్యవహారం.

దేహపు ముడి ఇది. దీనిపై మనస్సు వేసే ముడి మరొకటి. ఒక సిగరెట్టుకు పది దమ్ములు అనుకొంటే, రోజుకు 20 సిగరెట్లు తాగేవాడు 200 సార్లు చేతిని నోటి వద్దకు తీసుకొనిపోతాడు. ఏడాదికి అది 73,000 సార్లు. కాఫీ, భోజనం, బస్సు కోసం నిరీక్షణ, మిత్రులతో కబుర్లు, పని ఒత్తిడి వంటి సందర్భాలన్నీ పొగతో ముడిపడిపోతాయి. కాఫీ గ్లాసు చేతిలోకి రాగానే రెండవ చేయి జేబును వెదకుతుంది.

ఈ రెండు ముడుల బలానికి సిగ్మండ్ ఫ్రాయిడ్ జీవితమే సాక్ష్యం. మానవ మనస్సు లోతులను పరిశోధించిన ఆ వైద్యుడు రోజుకు సుమారు 20 చుట్టలు కాల్చేవాడు. 1890ల దశకంలో గుండె సంబంధమైన బాధ కలిగినప్పుడు, మిత్రుడైన వైద్యుని సలహాపై మానడానికి ప్రయత్నించాడు, కాని ఆ నిగ్రహాన్ని నిలుపుకోలేకపోయాడు. 1923లో ఆయన నోటిలో కాన్సరు బయటపడింది. ఆ తరువాత 30కి పైగా శస్త్రచికిత్సలు జరిగాయి. దవడలో కొంతభాగం తీసివేసి కృత్రిమ భాగాన్ని అమర్చారు. అయినా 1939లో మరణించే కాలం వరకు ఆయన చుట్టను విడువలేకపోయాడు. అంతటి మేధావి మానలేకపోయాడంటే, సామాన్యుని చూసి "నీకు పట్టుదల లేదు" అని తేలికగా తీర్పు చెప్పడం న్యాయం కాదు.

సత్యాన్ని కనుగొన్నవాడు

దీనికి భిన్నమైన అనుభవం బ్రిటిష్ వైద్యశాస్త్రవేత్త రిచర్డ్ డాల్‌ది. ఇరవయ్యవ శతాబ్దపు మధ్యభాగంలో ఇంగ్లండులో ఊపిరితిత్తుల కాన్సరు వేగంగా పెరిగింది. కారణం తెలియలేదు. మోటారు వాహనాల పొగ గాని, రోడ్లకు వేసే తారు గాని కారణమై ఉండవచ్చని డాల్ మొదట అనుమానించాడు. ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్‌తో కలిసి లండన్‌లోని 20 ఆసుపత్రులలో రోగుల అలవాట్లను పరిశీలించాడు. వివరాలన్నీ సిగరెట్టు వైపే వేలు చూపాయి. అప్పటికి డాల్ స్వయంగా పొగ తాగేవాడు. అధ్యయనం పూర్తికాక ముందే ఆయన ఆ అలవాటును వదులుకొన్నాడు. ఫలితాలు 1950లో ప్రచురితమయ్యాయి. డాల్ 92 సంవత్సరాలు జీవించి 2005లో మరణించాడు.

1951లో డాల్, హిల్ మరొక మహాప్రయత్నం ప్రారంభించారు. 34,439 మంది బ్రిటిష్ పురుష వైద్యుల అలవాట్లను, ఆయుర్దాయాన్ని గమనించడం మొదలుపెట్టారు. 50 సంవత్సరాల పరిశీలన ఫలితాలు 2004లో వెలువడ్డాయి. జీవితాంతం పొగ తాగినవారు, తాగనివారికంటే సగటున పది సంవత్సరాలు ముందుగా మరణించారు. అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి తేలింది. 60వ ఏట మానినవారికి సుమారు 3 సంవత్సరాలు, 50వ ఏట మానినవారికి 6 సంవత్సరాలు, 40వ ఏట మానినవారికి 9 సంవత్సరాలు, 30వ ఏట మానినవారికి దాదాపు మొత్తం 10 సంవత్సరాల ఆయుష్షు తిరిగి దక్కింది. "ఇంతకాలం తాగాం, ఇప్పుడు మానితే ఏం లాభం?" అని నిరాశపడేవారికి ఈ లెక్కే సమాధానం.

ఒక ఉపాధ్యాయుని అనుభవం

ఫ్రాయిడ్ వలె ఓడిపోనివారు, డాల్ వలె ఒక్కసారిగా గెలవనివారు మన చుట్టూ ఎక్కువగా ఉంటారు. అట్టివారిలో నా మేనమామ ఒకరు. ఆయన ప్రకాశం జిల్లాలోని ఒక పల్లెలో ఉపాధ్యాయులుగా పనిచేశారు. ఇరవయ్యవ ఏట మొదలైన సిగరెట్టు ఆయనను ముప్పై ఏళ్లు వదలలేదు.

మొదట ఒక ఉగాదినాడు ఆయన మానాలని సంకల్పించారు. నాలుగు రోజులు గడిచాయి. ఇంట్లో ప్రతి చిన్న విషయానికీ కోపం, బడిలో పిల్లలపై కేకలు. చివరకు మా అత్తయ్యే, "ఏమండీ, ఈ కోపాన్ని భరించడం కంటే ఆ సిగరెట్టే నయం" అన్నది. ఐదవ రోజున మళ్లీ వెలిగించారు. కొంతకాలం తరువాత సంఖ్య తగ్గించుకోవాలని రెండవ ప్రయత్నం చేశారు. పద్నాలుగింటిని ఏడు చేశారు. కాని ఆ ఏడింటినీ మునుపటికంటే గట్టిగా, వేళ్లు కాలేవరకు పీల్చసాగారు. శరీరం తన నికొటిన్ వాటాను వేరే దారిలో రాబట్టుకొన్నది.

మూడవసారి ఆయన అయ్యప్ప మాల వేసుకొన్నారు. ఆ 41 రోజుల దీక్షలో ఒక్క సిగరెట్టు కూడా ముట్టలేదు. ఇంటిల్లిపాదీ సంతోషించారు. శబరిమల నుండి తిరిగి వచ్చి మాల తీసిన రోజునే, బస్టాండు వద్ద టీ తాగుతూ సిగరెట్టు అందుకొన్నారు. చూసినవారికి ఇది వింతగా తోచింది. కాని ఆలోచిస్తే కారణం కనిపిస్తుంది. దేహానికి కలిగే బాధ సాధారణంగా రెండు నుండి నాలుగు వారాలలో తగ్గిపోతుంది. నలభై ఒక్క రోజులకు ఆయన శరీరం చాలావరకు స్వేచ్ఛ పొందింది. మనస్సు మాత్రం దానిని గడువు ఉన్న వ్రతంగానే భావించి, ముగిసే రోజు కోసం ఎదురుచూసింది. దీక్షాకాలంలో టీ కొట్టు వైపు వెళ్లలేదు, పాత మిత్రులతో కూర్చోలేదు. అందువల్ల ఆ ముడులు విడిపోలేదు, పక్కన ఉండిపోయాయి అంతే.

నాలుగవ ప్రయత్నానికి ముందు ఆయనను ఎడతెగని దగ్గు పట్టుకొన్నది. పరీక్షించిన డాక్టరు భయపెట్టలేదు. ఒక నోటుపుస్తకం పెట్టుకొని, సిగరెట్టు తాగిన ప్రతిసారీ సమయాన్నీ, సందర్భాన్నీ రాయమన్నారు. వారం రోజుల పట్టికను చూసి మామయ్య ఆశ్చర్యపోయారు. పద్నాలుగింటిలో తొమ్మిది కాఫీ తరువాత, భోజనం తరువాత, బడి విరామ సమయంలో, బస్సు కోసం నిలబడినప్పుడు తాగినవే. నిజంగా ఒళ్లు కోరినవి కొన్నే. ఆయన ఉదయపు కాఫీకి బదులు రెండు నెలలు మజ్జిగ తాగారు. భోజనం తరువాత లవంగం బుగ్గన పెట్టుకొని చెరువుగట్టు వరకు నడిచారు. తనకు సిగరెట్టు ఇవ్వవద్దని తోటి ఉపాధ్యాయులను కోరారు. డాక్టరు సలహాపై కొన్ని వారాలు నికొటిన్ గమ్ నమిలారు. మూడవ నెలలో ఒక పెళ్లింట, రాత్రి పేకాట వద్ద ఒక సిగరెట్టు తాగారు. కాని మరునాడు పెట్టె కొనలేదు. ఆ సందర్భాన్ని కూడా పుస్తకంలో రాసి, పేకాటకు దూరమయ్యారు. ఆ తరువాత మళ్లీ తాగలేదు. "మాల వేసుకొన్నప్పుడు రోజులు లెక్కపెట్టాను రా. ఈసారి లెక్కపెట్టలేదు" అని ఆయన నాతో అన్నారు.

ముప్పై ఏళ్ల పొగ చేసిన నష్టం పూర్తిగా తొలగలేదు. మేడమెట్లు ఎక్కితే ఆయనకు ఇప్పటికీ ఆయాసం వస్తుంది. కాని దగ్గు పోయింది. మనుమరాలిని ఎత్తుకొని కథ చెప్పేటప్పుడు మధ్యలో ఆగవలసిన అవసరం లేదు.

విముక్తి మార్గం

ఈ అనుభవం అసాధారణమైనది కాదు. 2016–17లో జరిగిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో 26.7 కోట్ల మంది వయోజనులు ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. పొగ తాగేవారిలో సగానికి పైగా మానాలనే ఆలోచనలో ఉన్నట్లు ఆ సర్వేలో తేలింది. ఎవరి సాయమూ లేకుండా కేవలం సంకల్పంతో మానడానికి చేసే ఒక్కొక్క ప్రయత్నంలో, ఏడాదిపాటు నిలిచేవారు నూటికి ముగ్గురు నుండి ఐదుగురు మాత్రమేనని పరిశోధనలు చెబుతున్నాయి. సలహా, ఔషధం తోడైతే ఈ సంఖ్య పెరుగుతుంది. జ్వరం వచ్చినవాడు డాక్టరు వద్దకు వెళ్లడానికి సిగ్గుపడడు. పొగ మానదలచినవాడూ సిగ్గుపడనవసరం లేదు.

మానిన తరువాత మొదటి వారం కఠినమైనది. అందులో రెండు, మూడు రోజులు మరీ కఠినమైనవి. చిరాకు, నిద్రలేమి, ఆకలి పెరగడం సహజం. పొగ తాగాలనే తహతహ ఉప్పెనలా వచ్చినా కొద్ది నిమిషాలలోనే తగ్గుతుంది. ఆ కొద్ది నిమిషాలు మంచినీళ్లు తాగడం, నడవడం, ఒకరితో మాట్లాడడం వంటి పనులతో గడపాలి. నికొటిన్ గమ్, పట్టీలు, ఇతర మందులు డాక్టరు సలహాతో వాడవచ్చు. కేంద్రప్రభుత్వం నడిపే ఉచిత సహాయకేంద్రపు టెలిఫోను సంఖ్య 1800-11-2356 సిగరెట్టు పెట్టెపైనే ముద్రితమై ఉంటుంది. మధ్యలో ఒకసారి జారితే, అంతా పోయిందని పెట్టె కొనడం తప్పు. ఏ సందర్భం జార్చిందో గుర్తించి ముందుకు సాగాలి. నడక నేర్చుకొనే పసివాడు పడినంత మాత్రాన నడక మానడు కదా!

శరీరం మాత్రం ఆలస్యం చేయదు. చివరి సిగరెట్టు ఆర్పిన 20 నిమిషాలకే గుండె వేగం తగ్గుతుంది. ఒకటి రెండు రోజులలో రక్తంలోని కార్బన్ మోనాక్సైడు తొలగిపోతుంది. కొన్ని నెలలలో దగ్గు, ఆయాసం తగ్గుతాయి. ఒక సంవత్సరానికి, పొగవల్ల పెరిగిన గుండెజబ్బు ముప్పు సగమవుతుంది. పది సంవత్సరాలకు ఊపిరితిత్తుల కాన్సరుతో మరణించే ప్రమాదం, తాగుతూనే ఉన్నవారితో పోల్చితే సుమారు సగానికి తగ్గుతుంది.

చుట్టూ ఉన్నవారి బాధ్యత

ఒకరు వదిలిన పొగను ఇంట్లోని వారందరూ పీలుస్తారు. పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనాలు ఉన్నాయి. వాటిలో సుమారు 70 కాన్సరు కారకాలు. పక్కనున్నవారి పొగవల్ల తాగని స్త్రీలు, పిల్లలు కూడా జబ్బుపడుతున్నారు. అందుకే 2003 నాటి చట్టం పద్దెనిమిదేళ్లలోపు వారికి పొగాకు అమ్మడాన్నీ, విద్యాసంస్థలకు 100 గజాల లోపల అమ్మడాన్నీ నిషేధించింది. 2008 అక్టోబరు 2 నుండి బహిరంగస్థలాలలో ధూమపాన నిషేధపు నియమాలు కట్టుదిట్టమయ్యాయి. 2019లో ఎలక్ట్రానిక్ సిగరెట్ల అమ్మకాన్ని కూడా దేశమంతటా నిషేధించారు. అయితే జహంగీరు కాలం నుండీ రుజువవుతున్నట్లు, నిషేధం ఒక్కటే చాలదు. మానదలచినవానికి తోటివారి సానుభూతి కావాలి. "మళ్లీ మొదలుపెట్టావా?" అనే ఎత్తిపొడుపు అతనిని పొగవైపే నెడుతుంది. "మళ్లీ ఎప్పుడు ప్రయత్నిద్దాం?" అనే మాట వెనుకకు పిలుస్తుంది.

విద్యార్థులారా! ఇంతవరకు చెప్పిన కష్టమంతా ఒకసారి అలవాటు పడినవారికి వర్తించేది. మీలో అత్యధికుల ముందు ఉన్న పని దానికంటే ఎంతో తేలికైనది. మిత్రుడు చాచిన మొదటి సిగరెట్టును వద్దనడానికి క్షణకాలపు ధైర్యం చాలు. దానిని అందుకొన్నవానికి, తరువాత వదిలించుకోవడానికి ఎన్నో ఏళ్లు పట్టవచ్చు. మీ ఇంట్లో తండ్రిగారో, తాతగారో ఇప్పటికే ఆ సంకెలలో ఉంటే వారిని ద్వేషించకండి, ఎగతాళి చేయకండి. వారి పక్కన కూర్చొని, "మీరు ఏ వేళలో ఎక్కువగా తాగుతున్నారు?" అని అడిగి, ఒక నోటుపుస్తకం వారి చేతికి ఇవ్వండి.